కరవు భత్యం, విరమణ ప్రయోజనాల పరిమితులు: భిలాయి ఉక్కు నగరం

ధరలు పెరిగినప్పుడు జీతం విలువ కరిగిపోకుండా, ఒక ధరల సూచి ఆధారంగా నిర్ణీత వ్యవధిలో జీతభత్యాలను, విరమణ ప్రయోజనాలను, వాటి గరిష్ఠ పరిమితులను మార్చడాన్ని జీవన వ్యయ సవరణ అంటారు. భారతదేశంలో జీతాల విషయంలో దీని ప్రధాన రూపం కరవు భత్యం, వాడుకలో డీఏ. గ్రాట్యుటీ, భవిష్య నిధి, ఉద్యోగుల పింఛను, ఈఎస్ఐ, బోనస్‌లకు చట్టం పెట్టిన పరిమితులది మాత్రం వేరే దారి. ప్రభుత్వ రంగ పరిశ్రమల్లో డీఏ మూడు నెలలకోసారి దానంతట అదే మారుతుంది. పరిమితులు ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తేనే మారతాయి, కొన్ని పదేళ్లు దాటినా ఉన్నచోటే ఉంటాయి.

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో ఉన్న భిలాయిలో ఈ రెండు పద్ధతులూ ఒకే జీతం చీటీ మీద కనిపిస్తాయి. భారత ఉక్కు ప్రాధికార సంస్థ (సెయిల్) నడిపే భిలాయి ఉక్కు కర్మాగారం ఊరికి ఆధారం. విజయనగరం–రాయపూర్ రైలు మార్గం పుణ్యమా అని ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. సెక్టార్లలోని కంపెనీ క్వార్టర్లలో రెండు మూడు తరాలుగా ఉంటున్న ఈ కుటుంబాలకు డీఏ, ఏరియర్స్ (పాత బకాయిలు), గ్రాట్యుటీ ఇంటి మాటలే.

చరిత్ర

కరవు భత్యం మూలాలు మొదటి ప్రపంచ యుద్ధ కాలపు నూలు మిల్లుల్లో ఉన్నాయి. 1917లో అహ్మదాబాద్‌లో ప్లేగు వ్యాపించినప్పుడు కార్మికులు ఊరు విడిచిపోకుండా మిల్లు యజమానులు ప్లేగు బోనస్ ఇచ్చారు. వ్యాధి తగ్గాక దాన్ని తీసేయబోతే, ధరలు మండిపోతున్నాయి గనుక దాని స్థానంలో జీతం పెంచాలని కార్మికులు పట్టుబట్టారు. యజమానులు 20 శాతం ఇస్తామన్నారు. మహాత్మా గాంధీ అన్ని లెక్కలూ చూసి 35 శాతం న్యాయమన్నారు. 1918 నాటి ఆ సమ్మె మధ్యవర్తిత్వంతో ముగిసింది, చివరికి 35 శాతమే ఖాయమైంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ భత్యం ప్రభుత్వ కార్యాలయాలకూ ఇతర పరిశ్రమలకూ పాకింది. యుద్ధం ముగిసినా భత్యం పోలేదు, ధరలు దిగిరాలేదు గనుక.

భిలాయి కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరిలో కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. అప్పటి యజమాని హిందుస్థాన్ స్టీల్ లిమిటెడ్. 1973లో సెయిల్ ఏర్పడింది. ఉక్కు కార్మికుల జీతాలు మొదట్లో వేతన మండలి సిఫార్సులను బట్టి నడిచేవి. 1969లో యాజమాన్యాలు, కేంద్ర కార్మిక సంఘాలు కలిసి ఒక సంయుక్త వేతన చర్చల సంఘంగా ఏర్పడ్డాయి. మొదటి ఒప్పందం 1970లో జరిగింది. అదే తరువాత జాతీయ ఉక్కు పరిశ్రమ సంయుక్త సంఘం, అంటే ఎన్‌జేసీఎస్ అయింది. భిలాయి, రూర్కెలా, దుర్గాపూర్, బొకారోలతో పాటు విశాఖ ఉక్కు కార్మికుల జీతాల చర్చలకూ ఇదే వేదిక.

ప్రభుత్వ రంగంలో డీఏ ఎప్పుడూ శాతాల్లోనే లేదు. ఒక దశలో సూచి ఒక పాయింటు పెరిగితే 2 రూపాయలు చొప్పున, జీతం ఎంతైనా ఒకే మొత్తం ఇచ్చేవారు. కింది మెట్టు కార్మికుడికి అది సరిపోయేది, పై మెట్టు ఉద్యోగికి చాలేది కాదు. తరువాత మూల వేతనం మీద శాతంగా, ధర ఎంత పెరిగితే అంతా భర్తీ అయ్యేలా ఇచ్చే పద్ధతి వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది అదే.

సూచి తయారీ

డీఏకు ఆధారం పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచి. సిమ్లా, చండీగఢ్‌లలో కార్యాలయాలున్న లేబర్ బ్యూరో దీన్ని నెల నెలా లెక్కించి, మరుసటి నెల చివరి పనిదినాన ప్రకటిస్తుంది. ధరలు సేకరించే పారిశ్రామిక కేంద్రాల్లో భిలాయి కూడా ఒకటి. అంటే భిలాయి బజారులో బియ్యం, పప్పు, నూనె, కూరగాయల ధర దేశం మొత్తం సూచిలో ఒక పాలు. ఆ సూచి తిరిగి భిలాయి కార్మికుడి జీతాన్ని నిర్ణయిస్తుంది. 2001ని పునాదిగా తీసుకున్న శ్రేణిలో తెలుగు నేలకు చెందిన కేంద్రాలు గుంటూరు, విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాద్, వరంగల్, గోదావరిఖని.

ఎంచుకున్న దుకాణాల్లో, నిర్ణయించిన వారాన, అదే రకం సరుకు ధర అడిగి రాసుకోవడం ఈ సేకరణ పద్ధతి. ఇంటి అద్దె మాత్రం ఆరు నెలలకోసారి, జనవరిలోనూ జులైలోనూ సవరిస్తారు. అందుకే ఆ రెండు నెలల సూచి వచ్చినప్పుడు సంఘాల నాయకులు కాస్త ఎక్కువ ఆసక్తిగా చూస్తారు.

సూచికి పునాది సంవత్సరం అప్పుడప్పుడు మారుతుంది. 1960, 1982, 2001 శ్రేణుల తరువాత ఇప్పుడున్నది 2016 శ్రేణి. 2020 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. కేంద్రాలు 78 నుంచి 88కి, బజార్లు 289 నుంచి 317కి పెరిగాయి. సరుకుల బుట్టలో ఆహారం వాటా 46.2 శాతం నుంచి 39.17 శాతానికి తగ్గింది. ఇంటి అద్దె వాటా 15.27 నుంచి 16.87కి, చదువు, వైద్యం, రవాణా లాంటివి చేరే ఇతర ఖర్చుల వాటా 23.26 నుంచి 30.31కి పెరిగింది. ఆహారం వాటా తగ్గడంతో ఉల్లి, టమాటా ధరలు ఎగిసినా సూచి మునుపటంత ఎగరదు.

పాత, కొత్త శ్రేణులను కలిపేది అనుసంధాన గుణకం. 2016 శ్రేణి అంకెను 2.88తో గుణిస్తే 2001 శ్రేణి అంకె వస్తుంది, దాన్ని 4.63తో గుణిస్తే 1982 శ్రేణి, మళ్లీ 4.93తో గుణిస్తే 1960 శ్రేణి. 2025 ఆగస్టు సూచి 147.1. ఈ గుణకాలన్నీ వేసి వెనక్కి వెళితే 1960 పునాదిపై అది దాదాపు 9,670. భిలాయి మొదటి ఫర్నేస్ వెలిగిన రోజుల్లో నూరు రూపాయల సరుకు ఇప్పుడు తొమ్మిది వేల ఆరు వందల పైమాటే. నడుమ బుట్టలోని సరుకులు మారాయి కాబట్టి ఇది అచ్చమైన పోలిక కాదు, సుమారు లెక్క.

మూడు నెలల డీఏ లెక్క

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు డీఏ ఏడాదికి రెండుసార్లు, జనవరి, జులైలలో, పన్నెండు నెలల సగటు మీద మారుతుంది. ప్రభుత్వ రంగ సంస్థలది పారిశ్రామిక డీఏ. ఇది జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో మారుతుంది. జనవరి రేటుకు అంతకు ముందరి సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు సూచీల సగటు తీసుకుంటారు. ఏప్రిల్‌కు డిసెంబరు నుంచి ఫిబ్రవరి, జులైకి మార్చి నుంచి మే, అక్టోబరుకు జూన్ నుంచి ఆగస్టు.

2017 జనవరి 1 నుంచి వర్తించే వేతన శ్రేణులకు పునాది అంకె 277.33. మూడు నెలల సగటును 2.88తో గుణించి, అందులోంచి 277.33 తీసేసి, మిగిలినదాన్ని 277.33తో భాగిస్తే డీఏ శాతం వస్తుంది. 2025 జూన్‌లో సూచి 145.0, జులైలో 146.5, ఆగస్టులో 147.1. సగటు 146.2, గుణకం వేస్తే 421.06. పునాది మీద పెరుగుదల 143.73, అంటే 51.8 శాతం. 2025 అక్టోబరు 1 నుంచి వర్తించిన రేటు అదే. మూల వేతనం 50,000 రూపాయలున్న ఉద్యోగికి డీఏ నెలకు 25,900.

ఈ రేటు పెరగడమే కాదు, తగ్గుతుంది కూడా. 2025 జనవరిలో 49.6 శాతం ఉన్నది ఏప్రిల్‌లో 48.7కి దిగింది. చలికాలంలో కూరగాయల ధరలు తగ్గితే సూచి తగ్గడం మామూలే. 50,000 మూల వేతనానికి నెలకు 450 రూపాయలు కోత పడింది. జులైలో మళ్లీ 49.0కి చేరింది. డీఏ తగ్గినప్పుడు కర్మాగారం గేటు దగ్గర వినిపించే విసుగు చిన్నది కాదు గానీ, ధరల వెంట నడవడమే సూత్రమైనప్పుడు రెండు వైపులా నడవక తప్పదు.

సూత్రం ఉన్నా అది ఆగిన సందర్భం ఒకటుంది. కోవిడ్ కాలంలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల డీఏను 2020 జనవరి నుంచి 2021 జూన్ దాకా నిలిపేశారు. ప్రభుత్వ రంగ సంస్థల విభాగం (డీపీఈ) 2020 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వుతో ఈ సంస్థల అధికారులకు, సంఘాల పరిధిలో లేని సూపర్‌వైజర్లకు 2020 అక్టోబరు, 2021 జనవరి, ఏప్రిల్ వాయిదాలు ఆగాయి. 2021 జులై నుంచి పెరిగిన రేటు వచ్చింది గానీ ఆగిన నెలల బకాయి రాలేదు.

వేతన ఒప్పందాలు, పునాది మార్పు

కొన్నేళ్లకోసారి అప్పటిదాకా పోగైన డీఏను మూల వేతనంలో కలిపి, పైన కొంత పెంపు ఇచ్చి, డీఏను సున్నా నుంచి మొదలుపెడతారు. 2007 శ్రేణులకు పునాది అంకె 126.33 అయితే, 2017 నాటికి అది 277.33. కలపడం వల్ల చేతికొచ్చే జీతం వెంటనే పెద్దగా మారదు. అయితే మూల వేతనం మీద లెక్కకట్టే ఇతర భత్యాలు పెరుగుతాయి.

సెయిల్ కార్మికుల 2017 వేతన సవరణ నాలుగేళ్లు నలిగి, 2021 అక్టోబరులో అవగాహన ఒప్పందంగా తేలింది. కార్మికులకు కనీస హామీ పెంపు 13 శాతం, పెర్క్స్ (ఇతర భత్యాలు) 26.5 శాతం, అధికారులకు 15 శాతం, 35 శాతం. సవరణ కాగితం మీద 2017 జనవరి 1 నుంచే వర్తించింది. డబ్బు మాత్రం 2020 ఏప్రిల్ నుంచి లెక్కలోకి వచ్చింది. నడుమ ఉన్న 39 నెలల ఏరియర్స్ వివాదం సంఘాల చర్చల్లో ఆ తరువాత కూడా తెగలేదు. భిలాయిలో ఇద్దరు ఉక్కు కార్మికులు కలిసి టీ తాగితే ఈ 39 నెలల మాట రాకుండా ఉండదు.

జీతం సవరణ సంస్థ లాభాలకు ముడిపడి ఉంది. డీపీఈ నిబంధన ప్రకారం అదనపు భారం గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 20 శాతం మించకపోతేనే అధికారులకు పూర్తి పెంపు. నష్టాల్లో ఉన్న విశాఖ ఉక్కులో 2017 సవరణ అమలు కాలేదు. అక్కడ 2007 పునాదిపైనే లెక్క సాగడంతో డీఏ 200 శాతం దాటిపోయింది. వినడానికి గొప్పగా ఉన్నా, ఆ శాతం లెక్కకట్టేది పాతదైన చిన్న మూల వేతనం మీద.

గ్రాట్యుటీ పరిమితి

పరిమితుల్లో ఉక్కు కార్మికుడికి అన్నిటికంటే దగ్గరిది గ్రాట్యుటీ (చూ. గ్రాట్యుటీ చెల్లింపు చట్టం, 1972). చివరి నెల మూల వేతనం, డీఏ కలిపి, దాన్ని 15తో గుణించి 26తో భాగించి, సర్వీసు సంవత్సరాలతో గుణిస్తే మొత్తం వస్తుంది. నెలకు 26 పనిదినాలు, ఏడాదికి 15 రోజుల జీతం అన్నది ఇందులోని లెక్క. డీఏ ఇందులో చేరడం వల్ల ధరల పెరుగుదల గ్రాట్యుటీలోకి నేరుగా దిగుతుంది. ఎంత వచ్చినా పైన ఒక కప్పు ఉంది. 1987లో అది 50,000 రూపాయలు, 1994లో లక్ష, 1997లో మూడున్నర లక్షలు, 2010 మే 24 నుంచి 10 లక్షలు, 2018 మార్చి 29 నుంచి 20 లక్షలు. పెరుగుదల మెట్లు మెట్లుగానే తప్ప ఏటా లేదు.

మూల వేతనం 70,000 ఉన్న కార్మికుడు 51.8 శాతం డీఏతో, 35 ఏళ్ల సర్వీసుతో పదవీ విరమణ చేశాడనుకుంటే, కలిపిన జీతం 1,06,260. సూత్రం ప్రకారం గ్రాట్యుటీ 21,45,635 రూపాయలు. 20 లక్షల కప్పు కింద ఇందులో లక్షా నలభై అయిదు వేల పైచిలుకు పోతుంది. ఎన్‌జేసీఎస్ ఒప్పందాల వల్ల సెయిల్ కార్మికులకు ఒకప్పుడు ఈ కప్పు వర్తించేది కాదు. దాన్ని వర్తింపజేయడం సంఘాలకూ యాజమాన్యానికీ మధ్య పెద్ద వివాదమైంది.

జీవన వ్యయ సూచికి ముడిపెట్టిన పరిమితి భారతదేశంలో ఏదైనా ఉందంటే అది ఇక్కడే. 2017 ఆగస్టు 3 నాటి డీపీఈ ఉత్తర్వు ప్రభుత్వ రంగ సంస్థల అధికారుల, సంఘాల పరిధిలో లేని సూపర్‌వైజర్ల గ్రాట్యుటీ పరిమితిని 2017 జనవరి 1 నుంచి 20 లక్షలు చేసింది. డీఏ 50 శాతం పెరిగినప్పుడల్లా ఈ పరిమితి 25 శాతం పెరగాలని కూడా అందులోనే రాసింది. 2025 అక్టోబరులో డీఏ 51.8 శాతానికి చేరి ఆ గీత దాటింది. ఈ నిబంధన లెక్కన పరిమితి 25 లక్షలు. సూచితో సమానంగా పెంచి ఉంటే 30 లక్షలు దాటేది. అంటే ముడిపెట్టిన చోట కూడా ధరల పెరుగుదలలో సగమే పరిమితికి అందుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు డీఏ 50 శాతం తాకిన 2024 జనవరి 1 నుంచి ఈ పరిమితి 25 లక్షలు అయింది.

భవిష్య నిధి, పింఛను పరిమితి

ఉద్యోగుల భవిష్య నిధి చట్టం 1952లో వచ్చింది (చూ. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ). నెలకు 300 రూపాయల లోపు జీతం ఉన్నవారికి అది మొదట తప్పనిసరి. ఆ జీత పరిమితి 1957లో 500, 1962లో 1,000, 1976లో 1,600, 1985లో 2,500, 1990లో 3,500, 1994లో 5,000, 2001లో 6,500, 2014 సెప్టెంబరు 1 నుంచి 15,000. ఈ వరుసలో 2001కి, 2014కి నడుమ పదమూడేళ్ల విరామం ఉంది. 2014 సెప్టెంబరులో ధరల సూచి 2001 పునాదిపై 253. 2025 ఆగస్టులో అదే పునాదిపై 423.6. సూచితో పాటు నడిచి ఉంటే 15,000 రూపాయల పరిమితి అప్పటికి సుమారు 25,100 అయ్యేది.

ఉక్కు ఉద్యోగి భవిష్య నిధి అసలు జీతం మీదే కడతాడు కాబట్టి పొదుపు మీద ఈ పరిమితి దెబ్బ తక్కువ. దెబ్బ తగిలేది పింఛను మీద. 1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పింఛను పథకంలోకి యజమాని వాటా నుంచి 8.33 శాతం వెళుతుంది, అదీ 15,000 మీదే, నెలకు 1,250 రూపాయలు. పింఛను జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తే నెల పింఛను. 2014 సెప్టెంబరుకు ముందరి సర్వీసుకు 6,500 పరిమితినే తీసుకుంటారు. పథకం మొదలైన నాటి నుంచి 2025 నవంబరు దాకా ముప్పై ఏళ్లు చేసి 58 నిండినవారికి ఈ లెక్కన దాదాపు 4,150 రూపాయలు. దానికి రెండేళ్ల అదనపు సర్వీసు లాంటి చిన్న చేర్పులు ఉంటాయి. నెలకు లక్ష రూపాయలు జీతం తీసుకున్న చేతికి అందేది ఇంత. పైగా ఈ పింఛనుకు డీఏ లేదు, ఒకసారి ఖాయమైతే ధరలు ఎంత పెరిగినా అంతే. కనీస పింఛను 2014 సెప్టెంబరు నుంచి వెయ్యి రూపాయలు.

భిలాయి పక్కనే చరోదాలో రైల్వే కాలనీ ఉంది. 2004కు ముందు ఉద్యోగంలో చేరి విరమణ చేసిన రైల్వే ఉద్యోగి పింఛను చివరి జీతంలో సగం, దాని మీద ఏడాదికి రెండుసార్లు కరవు ఉపశమనం. 2025 జులై నుంచి ఆ ఉపశమనం 58 శాతం. ఉక్కు కార్మికుడికి ఉద్యోగంలో ఉన్నంతకాలం రైల్వే ఉద్యోగి కన్నా తరచుగా డీఏ మారుతుంది, విరమణ తరువాత అసలు మారదు. రెండు కాలనీల మధ్య వియ్యమందుకున్న ఇళ్లలో ఈ తేడా బాగా తెలుసు.

అసలు జీతం మీద పింఛను కట్టించుకునే వీలు గురించి సుప్రీంకోర్టు 2022 నవంబరు 4న తీర్పు ఇచ్చింది. దేశమంతటా లక్షల మంది ఉమ్మడి ఐచ్ఛిక దరఖాస్తులు పెట్టారు. సొంత భవిష్య నిధి ట్రస్టులున్న సంస్థల ఉద్యోగుల దరఖాస్తులు ట్రస్టు నియమాల దగ్గర చిక్కుకున్నాయి.

చట్టబద్ధ పింఛను ఇంత చిన్నది కాబట్టే సంస్థ పింఛను పథకానికి ప్రాధాన్యం వచ్చింది. డీపీఈ నిబంధన ప్రకారం భవిష్య నిధి, గ్రాట్యుటీ, పింఛను, విరమణ తరువాతి వైద్యం నాలుగూ కలిపి మూల వేతనం, డీఏ మొత్తంలో 30 శాతం మించకూడదు. ఇదీ ఒక పరిమితే. శాతంలో ఉంది కాబట్టి డీఏతో పాటే పెరుగుతుంది. రూపాయల్లో రాసిన పరిమితికి, శాతంలో రాసిన పరిమితికి తేడా ఇంతకన్నా స్పష్టంగా కనబడే చోటు లేదు.

ఇతర పరిమితులు

సెలవులను నగదుగా మార్చుకున్నప్పుడు ప్రభుత్వేతర ఉద్యోగులకు దక్కే ఆదాయపు పన్ను మినహాయింపు 2002 నుంచి చాలాకాలం 3 లక్షలే. ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు కూడా పన్ను చట్టం దృష్టిలో ఈ కోవలోకే వస్తారు. ఇరవై ఒక్క ఏళ్ల తరువాత, 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా, అది ఒక్క గంతులో 25 లక్షలైంది. 2023 మార్చి 31న ఉద్యోగం నుంచి దిగినవారికి, ఏప్రిల్ 30న దిగినవారికి నడుమ తేడా లక్షల్లో ఉండటానికి ఈ గంతే కారణం.

పొదుపు మీద పన్ను తగ్గింపు 2014-15 నుంచి లక్షన్నర దగ్గరే ఉంది. ఉద్యోగి సొంతంగా కట్టే భవిష్య నిధి ఏడాదికి రెండున్నర లక్షలు దాటితే, దాటిన మేర వడ్డీకి 2021 ఏప్రిల్ నుంచి పన్ను పడుతోంది. యజమాని భవిష్య నిధికీ పింఛను నిధులకూ కట్టేది ఏడున్నర లక్షలు దాటితే, దాటిన మొత్తానికే పన్ను పడుతుంది. ఈ రెండింటికీ సూచితో సంబంధం లేదు. డీఏ పెరిగే కొద్దీ భవిష్య నిధి వాటా పెరుగుతుంది, దానితో ఏటా మరికొందరు ఈ గీత దాటుతారు. బోనస్ అర్హత 21,000, లెక్కకు తీసుకునే జీతం 7,000 లేదా కనీస వేతనం, ఏది ఎక్కువైతే అది. ఇవి 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి.

కాంట్రాక్టు కార్మికులు

కర్మాగారం లోపల కాంట్రాక్టర్ల కింద పనిచేసేవారికి ఎన్‌జేసీఎస్ జీతం లేదు. వారికి కనీస వేతనమే ఆధారం. కేంద్ర పరిధిలోని గనుల్లో కనీస వేతనానికి మారే డీఏ ఉంటుంది. ఏప్రిల్ 1న, అక్టోబరు 1న అదే ధరల సూచి సగటు మీద దాన్ని సవరిస్తారు. భిలాయికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా గనుల కాంట్రాక్టు కార్మికులు 1977లో శంకర్ గుహ నియోగి నాయకత్వంలో సంఘం పెట్టుకున్నారు. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకు గురయ్యారు. ఆ ఉద్యమం తరువాత పర్మినెంటు, కాంట్రాక్టు జీతాల అంతరం ఈ ప్రాంత రాజకీయాల్లో శాశ్వత అంశమైంది.

పర్మినెంటు ఉద్యోగికి సెక్టార్ 9 ఆసుపత్రి ఉంటే, కాంట్రాక్టు కార్మికుడికి ఈఎస్ఐ వైద్య బీమా. దాని జీత పరిమితి 2010లో 15,000, 2017 జనవరి 1 నుంచి 21,000. ఇక్కడ పరిమితి కదలకపోవడం చేసే నష్టం తిరకాసుగా ఉంటుంది: కనీస వేతనం డీఏతో పెరిగి, ఓవర్‌టైము కాకుండానే జీతం 21,000 దాటితే, ఆ తరువాతి చందా కాలం నుంచి కార్మికుడు పథకం బయటికి పోయి, క్రమంగా వైద్య రక్షణ కోల్పోతాడు. పెరిగింది ధరే, ఆదాయం కాదు.

పోల్చి చూస్తే: అమెరికా

సెక్టార్లలో పెరిగి అమెరికా వెళ్లిన తెలుగు పిల్లలకు పరిచయమైన పద్ధతి దీనికి భిన్నం. అక్కడ విరమణ పొదుపు పరిమితులు చట్టంలోనే సూచికి ముడిపడి ఉంటాయి. జులై నుంచి సెప్టెంబరు త్రైమాసికం ధరలు చూసి, పన్ను శాఖ సాధారణంగా అక్టోబరు, నవంబరుల్లో మరుసటి ఏడాది అంకెలు ప్రకటిస్తుంది. 401(కె) ఖాతాలో ఉద్యోగి వేసుకోగల మొత్తం 2025లో 23,500 డాలర్లు, 2026లో 24,500. లెక్కలో వచ్చిన అంకెను 500 డాలర్ల గుణిజానికి కిందికి సవరిస్తారు, అందుకే ధరలు పెరిగినా కొన్నేళ్లు పరిమితి కదలదు. సోషల్ సెక్యూరిటీ పింఛను 1975 నుంచి సూచిని బట్టి ఏటా దానంతట అదే మారుతోంది. ఆ పెంపు 2025కి 2.5 శాతం, 2026కి 2.8 శాతం. చందా వర్తించే గరిష్ఠ జీతం 2025లో 1,76,100 డాలర్లు, 2026లో 1,84,500.

రెండు దేశాలు తిరగేసినట్టు ఉంటాయి. అమెరికాలో పరిమితులు, వృద్ధాప్య పింఛను సూచితో నడుస్తాయి, జీతం నడవదు. భిలాయిలో జీతం నడుస్తుంది, చట్టం పెట్టిన పరిమితులూ పింఛనూ నడవవు.

కార్మిక స్మృతులు

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. గ్రాట్యుటీ, ఈఎస్ఐ, భవిష్య నిధి విషయాలు సామాజిక భద్రతా స్మృతి కిందికి చేరాయి. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది పనితోనే గ్రాట్యుటీ అర్హత వచ్చింది. డీఏ మినహా ఇతర భత్యాలు మొత్తం జీతంలో సగం దాటితే దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కిస్తారు. అయితే గరిష్ఠ పరిమితులను నిర్ణయించే పని పాత చట్టాల్లో లాగే నోటిఫికేషన్లకు వదిలేశారు. సూచితో ముడి ఇందులోనూ లేదు.

విరమణ తేదీ ప్రభావం

సెయిల్‌లో ఉద్యోగి 60 ఏళ్లు నిండిన నెల చివరి రోజున పదవీ విరమణ చేస్తాడు. ఆ రోజు అమల్లో ఉన్న డీఏ రేటే గ్రాట్యుటీకి ఆధారం. 60,000 మూల వేతనం, 35 ఏళ్ల సర్వీసు ఉన్న ఇద్దరిలో ఒకరు 2025 సెప్టెంబరు 30న, మరొకరు అక్టోబరు 31న దిగారనుకుంటే, మొదటివారికి 49.0 శాతం డీఏతో 18,05,192 రూపాయలు, రెండోవారికి 51.8 శాతంతో 18,39,115 రూపాయలు వస్తాయి. తేడా 33,923 రూపాయలు. 2025 ఏప్రిల్‌లో రేటు తగ్గినప్పుడు మాత్రం ఇదే లెక్క తిరగబడింది. మార్చి 31న దిగినవారికి 49.6 శాతం, ఏప్రిల్ 30న దిగినవారికి 48.7 శాతం వర్తించింది.